కార్డు చోటు మారినా రికార్డింగు తెగకూడదు: పర్లాకిమిడి యాప్ డైరీ

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, సరిహద్దుకు అవతల ఆంధ్రలో పాతపట్నం. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు మాట్లాడే తెలుగును వాళ్ల గొంతుతోనే దాచిపెట్టే యాప్ ఇది. ఫోన్ యాప్‌లు కట్టే ఫ్లటర్ అనే పనిముట్టుతో రాస్తున్నాను. మెనూలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి, ఎందుకంటే మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మాది. జనం నోట్లో ఉన్న భాషకు రాతలో చోటివ్వాలని ఆయన వాదించారు, సవరల మాట నేర్చుకుని నిఘంటువు కట్టారు. అలాంటి ఊళ్లో కూర్చుని రాస్తున్న యాప్‌లో ఒక ముసలావిడ మాట సగంలో తెగిపోతే దాన్ని చిన్న బగ్ అనుకోవడం నా వల్ల కాదు. ఈ వారం పనంతా ఆ తెగడం ఎందుకో తెలుసుకోవడానికీ, ఆపడానికీ పట్టింది.

సోమవారం: ఏం జరిగింది

రికార్డింగులకు ఊళ్లు తిరిగేది మా పెదనాన్న గారి అబ్బాయి. కాశీనగరం దగ్గర ఒక మామ్మ నౌపడా లైను చిన్న రైలు సంగతులు చెబుతోందట. 1900లో మొదలైన ఆ బుల్లి రైలు ఇప్పుడు లేదు, అదే దారిలో బ్రాడ్‌గేజ్ బండి గుణుపురం దాకా పోతోంది. మామ్మ మంచి ఊపులో ఉండగా అన్నయ్య టాబ్లెట్‌ను అడ్డం నుంచి నిలువుకు తిప్పాడు. రాత్రి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, మామ్మ చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. ఫైలు చూస్తే సగమే ఉంది. ఆ సగం మళ్లీ చెప్పమంటే అదే ఊపులో చెబుతుందేంట్రా?"

టాబ్లెట్ తిప్పితే ఆండ్రాయిడ్ మొత్తం యాక్టివిటీని, అంటే నడుస్తున్న యాప్ తెరను, పడగొట్టి మళ్లీ లేపుతుందేమోనని మొదటి అనుమానం. అది కాదు. ఫ్లటర్ ప్రాజెక్టుతో వచ్చే మానిఫెస్ట్ ఫైల్లోనే తిప్పడం, స్క్రీను కొలత మారడం లాంటివి యాప్ స్వయంగా చూసుకుంటుందని రాసి ఉంటుంది. యాక్టివిటీ చెక్కుచెదరలేదు. తెగింది లోపల, విడ్జెట్ల (స్క్రీను మీది ముక్కల) చెట్టులో.

మా స్క్రీను ఇలా ఉంటుంది. అడ్డంగా పట్టుకుంటే ఎడమ పక్క మనుషుల జాబితా, కుడి పక్క రికార్డింగు కార్డు. నిలువుగా పట్టుకుంటే పైన జాబితా, కార్డు కింద నుంచి పైకి లాగే షీటులో. కార్డులో గొంతు తరంగం గీసే బొమ్మ, రికార్డు బటన్లు, పక్కన నోట్సు రాసుకునే పెట్టె ఉన్నాయి. చూసేవాళ్లకు అది ఒకటే కార్డు, కుడి నుంచి కిందికి జరిగిందంతే. ఫ్లటర్‌కు మాత్రం అడ్డం స్క్రీనులోని కార్డు ఒకటి, నిలువు స్క్రీనులోని కార్డు ఇంకొకటి.

మంగళవారం: చావు, పుట్టుక

అనుమానాలతో పనిలేకుండా కార్డు జీవితంలోని ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రింటు పెట్టి టాబ్లెట్ తిప్పాను. వచ్చిన వరస: పాత కార్డుకు డీయాక్టివేట్ (చెట్టు నుంచి ఊడడం), కొత్త కార్డుకు ఇనిట్‌స్టేట్ (పుట్టుక), ఆ తర్వాత పాత కార్డుకు డిస్పోజ్ (చావు). రికార్డరు కార్డు స్టేట్‌లోనే, అంటే కార్డు తనలో దాచుకునే వివరాల్లోనే, పుడుతోంది కాబట్టి డిస్పోజ్‌లో దానితోపాటే పోతోంది.

ఎందుకిలా అన్నది వివరంగా రాసి పెట్టుకుంటున్నాను, కొత్తగా ఫ్లటర్ నేర్చుకునే మా వైపు పిల్లలకు కూడా పనికొస్తుంది. మనం రాసే విడ్జెట్లు కేవలం వర్ణనలు. అవి ప్రతి బిల్డ్‌లోనూ, అంటే స్క్రీనును మళ్లీ కట్టిన ప్రతిసారీ, కొత్తగా పుడతాయి, పోతాయి. నిలకడగా ఉండేది వాటి వెనకున్న ఎలిమెంట్ల చెట్టు. స్టేట్ అంటుకుని ఉండేది ఎలిమెంటుకే. బిల్డ్ జరిగిన ప్రతిసారీ ఫ్లటర్ ఒక్కో స్థానం దగ్గర ఆగి రెండే విషయాలు చూస్తుంది: పాత విడ్జెట్ రకమూ కొత్త విడ్జెట్ రకమూ ఒకటేనా, రెండిటికీ ఇచ్చిన కీ (గుర్తింపు చీటీ) ఒకటేనా. రెండూ సరిపోతే ఎలిమెంటును ఉంచి కొత్త వర్ణన అందిస్తుంది. ఏది సరిపోకపోయినా ఆ ఎలిమెంటునూ దాని కింది కొమ్మ మొత్తాన్నీ పీకేసి, కొత్త కొమ్మ వేస్తుంది. "ఇదే కార్డు పక్క కొమ్మ మీదికి పోయిందేమో, చూద్దాం" అని వెతకదు. వెతకాలంటే ప్రతి బిల్డ్‌లోనూ చెట్టంతా గాలించాలి, అంత ఖర్చు ఎవరూ భరించలేరు. కాబట్టి దీన్ని ఫ్లటర్ లోపమని నేను అనను. పేరెంటు (చెట్టులో పైనున్న విడ్జెట్) మారడం అంటే మామూలుగా చావూ పుట్టుకే, అలా కాకూడదనుకుంటే ఆ సంగతి మనమే చెప్పాలి.

వెబ్ పేజీలు కట్టే రియాక్ట్‌దీ ఇదే సూత్రం. అక్కడ కీని ఒకే పేరెంటు కింద ఉన్న తోబుట్టువుల మధ్యే పోల్చి చూస్తారు. పేరెంటు మారితే కీ ఒకటే అయినా పాతది అన్‌మౌంట్, కొత్తది మౌంట్. పాత ఆండ్రాయిడ్ వ్యూలు ఇంకా కచ్చితం: ఒక వ్యూను పాత పేరెంటు నుంచి తియ్యకుండా కొత్త పేరెంటుకు ఇస్తే, దీనికి ఇప్పటికే పేరెంటు ఉంది, ముందు అక్కడి నుంచి తీసి రమ్మని ఎర్రరు విసిరి యాప్‌ను ఆపేస్తుంది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. నిశ్శబ్దంగా స్టేట్ పోగొట్టడం కన్నా గట్టిగా అరవడం మేలు.

బుధవారం: అసలు కదపకుండా పని అవుతుందా

నోడును (చెట్టులోని ముక్కను) ఎలా కదపాలి అనేదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. కొన్ని స్క్రీన్లలో కదపనక్కర్లేదని తేలింది.

మనుషుల వివరాల పేజీలో అడ్డంగా ఉంటే రో, నిలువుగా ఉంటే కాలమ్ వాడుతున్నాం. రో, కాలమ్ వేర్వేరు రకాలు కాబట్టి తిప్పగానే కింది కొమ్మంతా పోతోంది. కానీ ఆ రెండూ ఫ్లెక్స్ అనే ఒకే విడ్జెట్ నుంచి వచ్చిన రకాలు. నేరుగా ఫ్లెక్స్ పెట్టి దాని దిశను మాత్రం మార్చితే విడ్జెట్ రకం మారదు, ఎలిమెంటు ఉంటుంది, కింద ఉన్న స్టేట్ అంతా ఉంటుంది. చేసిన మార్పు ఒక్క లైను. పిల్లల వరస కూడా మారే చోట వాళ్లకు వాల్యూ‌కీలు ఇచ్చాను. ఒకే పేరెంటు కింద ముందువెనకలు కావడానికి అవి చాలు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. "అడ్డంగా ఉంటేనే ప్యాడింగు" లాంటి షరతులు కార్డుకు పైన ఉంటే, ఆ ప్యాడింగు వచ్చినప్పుడూ పోయినప్పుడూ చెట్టు ఒక మెట్టు లోతు మారుతుంది, కింది స్టేట్ గల్లంతవుతుంది. ప్యాడింగు ఎప్పుడూ ఉంచి విలువ సున్నా చేస్తే చెట్టు ఆకారం మారదు. ఇలాంటివి వెతికి సరిచేశాను.

రికార్డింగు పేజీలో మాత్రం ఇది కుదరదు. కుడి పక్క గళ్లలో ఉండే కార్డు, పైకి లాగే షీటులోకి వెళ్లాలి. ఆ రెండు చోట్లకూ పైన ఉన్న కొమ్మలు పూర్తిగా వేరు.

గురువారం: కార్డులో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు

కార్డును బతికించే ముందు, కార్డుతో పాటు చావాల్సిన అవసరం లేనివన్నీ దాని లోపలి నుంచి బయటికి తీశాను. రికార్డరు మొట్టమొదటిది. మాట రికార్డవుతున్నదీ లేనిదీ ఒక బొమ్మ స్క్రీను మీద ఎక్కడుంది అనేదాని మీద ఆధారపడకూడదు. ఇప్పుడు రికార్డరు యాప్ మొదలైనప్పుడే పుట్టే ఒక సేవ. తరంగం గీయడానికి కావలసిన శాంపిళ్లూ దాని దగ్గరే ఉంటాయి. కార్డు దాన్ని విని గీస్తుంది, బటన్లు దానికి ఆజ్ఞ చెబుతాయి. కార్డు చచ్చి మళ్లీ పుట్టినా మామ్మ గొంతు ఫైల్లోకి వెళ్తూనే ఉంటుంది. ఈ మార్పు చేసిన రాత్రే అన్నయ్యకు కొత్త బిల్డ్ పంపాను, మిగతావి ఆగినా ఇది ఆగకూడదని.

నోట్సు పెట్టె ఇంత సులువుగా లొంగలేదు. అందులో రాసిన అక్షరాలను కంట్రోలరు రూపంలో బయటికి తీయొచ్చు, తీశాను. ఫోకస్ నోడునూ (టైపు చేసేది ఏ పెట్టెలో పడాలో చెప్పే గుర్తునూ) తీయొచ్చు. కానీ కీబోర్డుతో ఉన్న కనెక్షను ఆ పెట్టె స్టేట్ లోపలే ఉంటుంది, దాన్ని బయట పెట్టుకునే దారి లేదు. పెట్టె చచ్చి పుడితే కీబోర్డు దిగి మళ్లీ లేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డుల్లో మాట పూర్తయ్యేదాకా అది కింద గీతతో సగం రూపంలో ఉంటుంది. ఒత్తు ఇంకా పడకముందే కనెక్షను తెగితే ఆ మాట విరిగి కూర్చుంటోంది. ఒడియా టైపు చేసినా అంతే. ఒక భాషలో వింటూ ఇంకో లిపిలో నోట్సు రాసుకునే మనిషికి ఇది ఎంత చిరాకో పక్కన కూర్చుని చూశాను.

అంటే నోడునే, ప్రాణంతో, కొత్త పేరెంటు దగ్గరికి చేర్చాలి. దానికి గ్లోబల్‌కీ.

శుక్రవారం: గ్లోబల్‌కీ

గ్లోబల్‌కీ ఉన్న విడ్జెట్ కొత్త చోట కనబడగానే ఫ్లటర్ కొత్త ఎలిమెంటు తయారు చేయదు. ముందు తన పట్టికలో ఆ కీకి ఎలిమెంటు ఉందా అని చూస్తుంది. ఉంటే పాత పేరెంటు చేత దాన్ని మరిపించి, కింది కొమ్మతో సహా తెచ్చి కొత్త పేరెంటుకు అతికిస్తుంది. ప్రింట్ల వరస ఇప్పుడు మారింది: డీయాక్టివేట్, యాక్టివేట్, డిడ్‌చేంజ్‌డిపెండెన్సీస్, బిల్డ్. ఇనిట్‌స్టేట్ లేదు, డిస్పోజ్ లేదు. నోట్సు పెట్టెలో సగం టైపు చేసి టాబ్లెట్ తిప్పాను. కీబోర్డు కదల్లేదు, కింద గీత అలాగే ఉంది. ఎంత సంతోషమైందో చెప్పలేను.

దీనికి ఒక గడువు ఉంది. చెట్టు నుంచి ఊడిన ఎలిమెంట్లను ఫ్లటర్ ఆ ఫ్రేము చివరి దాకానే పక్కన ఉంచుతుంది. ఫ్రేము ముగిసేలోపు ఎవరూ తీసుకోకపోతే డిస్పోజ్ చేస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల స్క్రీను మీద అది సుమారు 16 మిల్లీసెకన్లు. తీసిన నారు ఎండకముందే మడిలో నాటాలన్నట్టు, ఈ ఫ్రేములో ఊడింది ఈ ఫ్రేములోనే అతకాలి. "ముందు తీసేద్దాం, యానిమేషను అయ్యాక పెడదాం" అంటే కుదరదు.

ఫోకస్ ఎలా నిలిచిందో తెలియక ఫ్లటర్ సోర్సు తెరిచి చదివాను. ఫోకస్ విడ్జెట్ డీయాక్టివేట్ అయినప్పుడు తన నోడును చెట్టు నుంచి తీసెయ్యదు. గ్లోబల్‌కీతో ఇంకో చోటికి పోతున్నానేమో, అప్పుడు ఫోకస్ నిలవాలి కదా అని, తాత్కాలికంగా మూల ఫోకస్ నోడు కింద నిలబెడుతుంది. కొత్త చోటు దొరికాక అక్కడికి మారుతుంది, దొరకకపోతే డిస్పోజ్‌లో వెళ్లిపోతుంది. రాసినవాళ్లు ఈ సందర్భం ముందే ఊహించి కామెంటులో కారణం కూడా రాసిపెట్టారు. డీయాక్టివేట్‌కూ డిస్పోజ్‌కూ తేడా ఎందుకు ఉంచారో అది చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది. డీయాక్టివేట్ అంటే "ఊడాను, ఇంకా తేలలేదు". వదిలించుకోవాల్సిన వనరులను అక్కడ వదిలించుకోకూడదు.

గ్లోబల్‌కీకి ఖర్చు ఉంది. కదిలిన కొమ్మలో ఉన్న ప్రతి స్టేట్‌కూ డీయాక్టివేట్ పిలుపు వెళ్తుంది, థీమ్ (రంగులు), మీడియాక్వెరీ (స్క్రీను కొలతలు) లాంటి వారసత్వ విడ్జెట్ల మీద ఆధారపడినవన్నీ మళ్లీ బిల్డ్ అవుతాయి. అందుకే కార్డు మొత్తానికి ఒకే కీ పెట్టి ఊరుకున్నాను, లోపలి ముక్కలకు పెట్టలేదు. ఆ కీ పేజీ స్టేట్‌లో ఒక్కసారే పుడుతుంది. బిల్డ్ లోపల పుట్టిస్తే ప్రతిసారీ కొత్త కీ అవుతుంది, ప్రతిసారీ కొమ్మ కొత్తగా మొలుస్తుంది, ఉన్న లాభమూ పోతుంది.

శనివారం: ఒకే కీ, రెండు కార్డులు

అన్నయ్యకు తిప్పేటప్పుడు కార్డు మెల్లగా మాయమై కొత్త చోట మెల్లగా తేలడం ఇష్టం. పాత డిజైనులో అందుకు యానిమేటెడ్‌స్విచర్ ఉంది. అది పాత బిడ్డనూ కొత్త బిడ్డనూ కాసేపు రెంటినీ చెట్టులో ఉంచుతుంది, ఒకటి తేలుతుంటే ఒకటి మాసిపోవాలి కాబట్టి. ఒకే గ్లోబల్‌కీ ఒకే సమయంలో రెండు చోట్ల ఉండకూడదు. డూప్లికేట్ గ్లోబల్‌కీ అని ఎర్ర తెర వచ్చింది.

కింద నుంచి లేచే మోడల్ బాటమ్‌షీట్ తోనూ ఇదే గొడవ. అది వేరే రూటుగా, అంటే పేజీ మీద ఇంకో పేజీలా, తెరుచుకుంటుంది. మూసినప్పుడు కిందికి జారే యానిమేషను అయ్యేదాకా ఆ రూటు బతికే ఉంటుంది, ఈలోగా కింది పేజీ కూడా కార్డు కావాలంటుంది. అందుకని షీటును రూటుగా తెరవడం మానేసి, పేజీ చెట్టులోనే ఒక స్టాక్ లోపల లాగే షీటుగా పెట్టాను. మాసిపోవడం, తేలడం కార్డు చుట్టూ ఉన్న గడికి మాత్రమే చేయించాను. కార్డు మాత్రం ఒకే ఫ్రేములో అటు నుంచి ఇటు దూకుతుంది. అన్నయ్య చూసి "తేడా తెలీట్లేదురా, ఇంకా బావుంది" అన్నాడు.

ఆదివారం, సోమవారం: వెబ్ పేజీ

రికార్డింగులు కాలేజీ కంప్యూటర్ల మీద వినడానికి ఒక వెబ్ పేజీ కూడా ఉంది, ఏ ఫ్రేంవర్కూ లేకుండా మామూలు జావాస్క్రిప్టుతో. వింటున్న కార్డును పక్కకు నొక్కితే మూలన చిన్నగా కూర్చుంటుంది, కింద జాబితా చదువుకోవచ్చు. కార్డులో ఆ ఊరి మ్యాపు ఒక ఐఫ్రేములో (పేజీ లోపల ఇంకో పేజీలో) ఉంటుంది.

బ్రౌజరులో కదపడం చూడ్డానికి చాలా సులువు. అపెండ్‌చైల్డ్ అనే ఆజ్ఞకు ఇప్పటికే చెట్టులో ఉన్న నోడును ఇస్తే అదే పాత పేరెంటు నుంచి తీసి కొత్త పేరెంటుకు ఇస్తుంది. నోడు అదే, దానికి పెట్టిన ఈవెంటు లిజనర్లూ అలాగే ఉంటాయి. కానీ లోపల జరిగేది తీయడం, పెట్టడం అనే రెండు పనులు. తీయగానే ఐఫ్రేము లోపలి పేజీ పోతుంది, పెట్టగానే మొదటి నుంచి లోడవుతుంది. ఫోకస్ పోతుంది. సీఎస్ఎస్ యానిమేషన్లు మొదటికి వస్తాయి. గుమ్మ వైపు కొండల్లో సిగ్నలు దొరికేదే కాస్త, అక్కడ కార్డును మూలకు నెట్టిన ప్రతిసారీ మ్యాపు మళ్లీ దిగాలంటే ఎవరు ఓపిక పడతారు?

ఇందుకోసమే వచ్చింది మూవ్‌బిఫోర్ అనే ఆజ్ఞ. 2025 మొదట్లో క్రోమ్ 133తో వచ్చింది. ఇన్సర్ట్‌బిఫోర్ లాగే రెండు విలువలు తీసుకుంటుంది: కదపాల్సిన నోడు, దేని ముందు పెట్టాలో ఆ నోడు. చివర పెట్టాలంటే రెండోది నల్ ఇవ్వాలి, వదిలేస్తే ఒప్పుకోదు. ఇది తీసి పెట్టదు, నిజంగానే కదుపుతుంది. ఐఫ్రేము మళ్లీ లోడవదు, ఫోకస్ ఉంటుంది, నడుస్తున్న యానిమేషను నడుస్తూనే ఉంటుంది. మా పేజీలో మ్యాపును మందస దాకా జరిపి కార్డును మూలకు నెట్టాను. మ్యాపు మందస దగ్గరే ఉంది.

షరతులూ ఉన్నాయి. ఇప్పుడే తయారై ఇంకా పేజీలో లేని నోడును పేజీలోకి ఇది తీసుకురాదు, ఇంకో డాక్యుమెంటులోకీ పంపదు. హైరార్కీ రిక్వెస్ట్ ఎర్రరు వస్తుంది. పేరెంటును తన వారసుల కిందే పెట్టబోతే ఇన్సర్ట్‌బిఫోర్ ఇచ్చేదీ ఆ ఎర్రరే. కస్టమ్ ఎలిమెంట్లలో (మనమే తయారు చేసుకునే ట్యాగుల్లో) కనెక్టెడ్‌మూవ్‌కాల్‌బ్యాక్ రాసుకుంటే కదిలినప్పుడు అదొక్కటే పిలుస్తుంది. రాయకపోతే పాత పద్ధతిలోనే డిస్‌కనెక్టెడ్, కనెక్టెడ్ కాల్‌బ్యాక్‌లు రెండూ వెళ్తాయి. మా ప్లేయరు కస్టమ్ ఎలిమెంటే, దాని డిస్‌కనెక్టెడ్ కాల్‌బ్యాక్ ఆడియోను ఆపుతుంది. అందుకని ఖాళీదైనా సరే ఒక మూవ్ కాల్‌బ్యాక్ రాయాల్సి వచ్చింది.

కాలేజీ కంప్యూటర్లలో పాత బ్రౌజర్లు ఉన్నాయి. వాటికోసం ముందు మూవ్‌బిఫోర్ ఉందా అని చూసి, లేకపోతే నోడును అసలు కదపను. కార్డు తన చోటే ఉంటుంది, సీఎస్ఎస్‌లో పొజిషన్ ఫిక్స్‌డ్ చేసి మూలన కనిపించేలా చేస్తాను, ఖాళీ అయిన చోట అంతే ఎత్తున్న డబ్బా ఒకటి నిలబెడతాను. ట్యాబ్ కీ వరస మాత్రం పాత చోటు ప్రకారమే నడుస్తుంది, అది భరించక తప్పదు.

రియాక్ట్‌లో ఇలాంటిది అడిగిన ఒక కుర్రాడికి చెప్పింది ఇక్కడా రాసి పెడుతున్నాను. 2017లో రియాక్ట్ 16తో వచ్చిన పోర్టల్, అంటే ఒక ముక్కను పేజీలో వేరే చోట గీయించే పద్ధతి, దీనికి సగం జవాబే. పోర్టల్ గమ్యాన్ని మార్చితే లోపలిదంతా అన్‌మౌంట్ అయి మళ్లీ మౌంట్ అవుతుంది. గమ్యంగా మనమే తయారుచేసిన ఒక డివ్ ఇచ్చి, దాన్ని ఎప్పటికీ మార్చకుండా, ఆ డివ్‌నే డామ్‌లో (బ్రౌజరు పేజీ చెట్టులో) ఇటు నుంచి అటు కదిపితే రియాక్ట్ స్టేట్ నిలుస్తుంది. డామ్ స్థాయిలో పోయేవి, అంటే ఐఫ్రేమూ ఫోకసూ, అప్పుడూ పోతాయి. వాటికి అక్కడా మూవ్‌బిఫోరే దిక్కు.

మంగళవారం: పరీక్షలు

ఇది మళ్లీ పాడవకుండా విడ్జెట్ టెస్టులు రాశాను. టెస్టులో స్క్రీను కొలత అడ్డంగా పెట్టి, కార్డు స్టేట్‌ను పట్టుకుని, నోట్సులో కొంత రాసి, కొలత నిలువుగా మార్చి ఒక ఫ్రేము నడిపిస్తాను. ఆ తర్వాత కార్డు స్టేట్ అదే వస్తువా అని ఐడెంటికల్‌తో చూస్తాను. రాత సమానమా అని చూస్తే చాలదు, కంట్రోలరు బయట ఉంది కాబట్టి కొత్త కార్డులోనూ అదే రాత కనబడుతుంది, టెస్టు ఉత్తుత్తినే పాసవుతుంది. ఫోకస్ ఉందా అన్నది ఇంకో పరీక్ష. రికార్డరు నడుస్తోందా అన్నది మూడోది, దానికి కావాలనే కార్డును చెట్టు నుంచి పూర్తిగా తీసేసి చూస్తాను, ఎందుకంటే కార్డు లేకపోయినా అది నడవాలి.

మిగిలింది స్ప్లిట్‌స్క్రీన్. యాప్‌ను సగానికి లాగుతున్నప్పుడు వెడల్పు మన హద్దుకు అటూ ఇటూ ఊగుతుంది, కార్డు క్షణానికోసారి చోటు మారుతుంది. స్టేట్ పోవడం లేదు గానీ ప్రతిసారీ లేఅవుటంతా మళ్లీ చేస్తున్నందువల్ల పాత ఫోన్లలో తరంగం బొమ్మ తడబడుతోంది. విశాలం కావడానికి ఒక వెడల్పు, ఇరుకు కావడానికి అంతకన్నా తక్కువ వెడల్పు పెట్టి మధ్యలో ఉన్నంతసేపు కార్డును ఉన్నచోటే ఉంచాలనుకుంటున్నాను. కొత్త బిల్డ్ అన్నయ్య టాబ్లెట్‌లో వేశాను. వచ్చే ఆదివారం మామ్మ దగ్గరికే వెళ్తున్నాడు.